మీ పేరుకి అసలు అర్థం ఏంటి? పెంటయ్య నుంచి పంకజం దాకా

ఈ ఎపిసోడ్‌లో మనం మాట్లాడుకోబోయేది మీ అందరి దగ్గరా ఉన్న ఒక విషయం గురించి. డబ్బు పెట్టి కొన్నది కాదు, మీరు అడిగి తీసుకున్నదీ కాదు. అయినా దాన్ని మీకంటే మీ చుట్టుపక్కల వాళ్ళే ఎక్కువ వాడుతుంటారు. పొడుపు కథ కాదులెండి. మీ పేరు.

పేరుకి అర్థం ఏంటి అని ఫోన్‌లో వెతికితే ఏమొస్తుంది? "ధైర్యవంతుడు", "అందమైనది", "దేవుడి బహుమతి". సగం పేర్లకి ఇవే మూడు అర్థాలు తిప్పి తిప్పి చెప్తారు. ఈ రోజు నేను అలా కాకుండా, మన తెలుగు పేర్లు ఎక్కడి నుంచి వచ్చాయి, వాటిలో ఏం దాగి ఉంది, మీ పేరు అర్థాన్ని మీరే ఎలా విప్పుకోవచ్చు, ఇవన్నీ ఒక్కొక్కటిగా చెప్తాను. చివర్లో మీకొక చిన్న పని కూడా ఇస్తాను.

ముందు ఒక చిన్న ఆట

నేను రెండు పేర్లు చెప్తాను. పంకజ. పెంటమ్మ. మొదటి పేరు వినగానే ఎవరూ నవ్వరు. రెండోది వినగానే సగం మంది నవ్వు ఆపుకుంటారు. అవునా?

ఇప్పుడు అర్థం చూద్దాం. సంస్కృతంలో పంకం అంటే బురద. "జ" అంటే పుట్టినది. పంకజ అంటే బురదలో పుట్టినది, అంటే తామర పువ్వు. పెంట అంటే పశువుల పేడా, చెత్తా వేసే దిబ్బ. ఒకరిది బురద, ఇంకొకరిది పేడ దిబ్బ. ఒక పేరు సంస్కృతంలో ఉంది కాబట్టి పెళ్ళి శుభలేఖ మీద అందంగా కనిపిస్తుంది. ఇంకోటి అచ్చ తెలుగులో ఉంది కాబట్టి సినిమాలో కామెడీకి పనికొస్తుంది.

ఇంకొన్ని జతలు చూడండి. రోహిత్ అంటే ఎర్రనివాడు. మన ఊళ్ళో దాన్నే ఎర్రయ్య అంటాం. కృష్ణ అంటే నలుపు. దాన్ని తెలుగులో చెప్తే నల్లయ్య. పార్వతి అంటే పర్వతరాజు కూతురు, అంటే కొండమ్మ. గిరీశ్ అంటే గిరికి ఈశుడు, అంటే కొండకి దొర. మనకి కొండయ్య, కొండలరావు ఉన్నారు కదా! కనకం, హేమ, స్వర్ణ అంటే బంగారమ్మ. క్లాసులో రోహిత్ అని పిలిస్తే ఎవరూ తల తిప్పి చూడరు, ఎర్రయ్య అని పిలిస్తే మాత్రం వెనక బెంచీలో గుసగుసలు మొదలవుతాయి. అర్థం రెండింటికీ ఒకటే.

ఈ ఎపిసోడ్ మొత్తంలో మీరు ఒక్క ముక్క గుర్తు పెట్టుకోవాలంటే ఇదే గుర్తు పెట్టుకోండి. మనం సిగ్గు పడుతున్నది పేరు అర్థానికి కాదు, ఆ అర్థం ఏ భాషలో ఉందో దానికి.

బిడ్డని బతికించుకోవడానికి పెట్టిన పేర్లు

సరే, మరి కన్నబిడ్డకి పెంటయ్య అని ఎందుకు పెట్టారు? వాళ్ళకి మంచి పేర్లు తెలియకనా? కాదండీ.

ఆ కాలంలో పుట్టిన పిల్లలు పుట్టినట్టే పోయేవారు. లెక్క కావాలంటే, మన దేశంలో 1971లో కూడా పుట్టిన ప్రతి వెయ్యి మంది పిల్లల్లో 129 మంది మొదటి పుట్టినరోజు చూడకుండానే పోయారు. 2020 నాటికి అది 28కి తగ్గింది. 1971 పరిస్థితే అలా ఉందంటే, అంతకు ముందు యాభై అరవై ఏళ్ళ కిందట ఎలా ఉండేదో ఊహించుకోండి. ఇద్దరో ముగ్గురో పిల్లలు వరసగా పోయాక, ఆ తల్లికి మళ్ళీ ఒక బిడ్డ పుడుతుంది. ఈసారి ఏం చేస్తుంది?

దిష్టి తగలకుండా, మృత్యువు కన్ను పడకుండా, "ఈ బిడ్డ మాకేమంత ముఖ్యం కాదు" అని లోకానికి నటించి చూపిస్తుంది. బిడ్డని తీసుకెళ్ళి పెంటకుప్ప మీద ఒకసారి పడుకోబెట్టి, మళ్ళీ ఎత్తుకుంటుంది. ఆ బిడ్డ పెంటయ్య, పెంటమ్మ. కొందరు భోజనాలు అయ్యాక తీసేసిన ఎంగిలి విస్తరాకు మీద దొర్లించేవారు. ఆ ఎంగిలాకుని పుల్లాకు అంటారు. ఆ బిడ్డ పుల్లయ్య, పుల్లమ్మ. మన తెలుగు సినిమా తొలి తరంలో ఇద్దరు పెద్ద దర్శకులున్నారు, సి. పుల్లయ్య గారు, పి. పుల్లయ్య గారు. ఇద్దరి పేరూ ఇదే.

మా ఉత్తరాంధ్ర వైపు ఇంకో పద్ధతి ఉంది. పుట్టిన బిడ్డని పక్కింటి వాళ్ళకో, చుట్టాలకో ఇచ్చేసినట్టు ఇచ్చేసి, కాస్త తవుడు పోసి తిరిగి కొనుక్కుంటారు. తవుడు అంటే వడ్లు దంచాక మిగిలే పొడి, పశువులకి పెట్టేది. "ఈ బిడ్డ మా కడుపున పుట్టింది కాదు, తవుడికి కొనుక్కున్నది" అని చెప్పుకోవడం అన్నమాట. అందుకే శ్రీకాకుళం, విజయనగరం వైపు తవిటయ్య, తవిటినాయుడు, తవిటమ్మ అనే పేర్లు కనిపిస్తాయి. మా ఇంట్లోనే ఉంది ఒకటి. మా తాతమ్మ పేరు తవిటమ్మ. చిన్నప్పుడు నాకు ఆ పేరు వింటే నవ్వొచ్చేది. ఆవిడకి ముందు పుట్టిన వాళ్ళెవరూ మిగల్లేదని తెలిసాక నవ్వు రాలేదు.

ఇది మన ఒక్కళ్ళ పద్ధతే అనుకోకండి. మీరు స్కూల్లో ఖుదీరామ్ బోస్ గురించి చదివే ఉంటారు. 1908లో, పద్దెనిమిదేళ్ళకే ఉరికంబం ఎక్కిన బెంగాలీ కుర్రాడు. ఆయనకి ముందు పుట్టిన అన్నలు పసితనంలోనే పోయారు. అందుకని ఆయన అక్క మూడు గుప్పెళ్ళ నూకలు ఇచ్చి తమ్ముణ్ణి తల్లి దగ్గర కొనుక్కుంది. అక్కడ నూకల్ని ఖుద్ అంటారు. అందుకే ఖుదీరామ్. శ్రీకాకుళంలో తవుడు, బెంగాల్లో నూకలు, అంతే తేడా.

పిచ్చయ్య, పిచ్చమ్మ కూడా ఇలాంటి పేరే. తమిళంలో భిక్షని పిచ్చై అంటారు. దేవుడు పెట్టిన భిక్షగా దొరికిన బిడ్డ అని ఆ పేరులో ఉన్న భావం. తమిళనాడులో పుట్టి గూగుల్‌కి పెద్దయిన సుందర్ పిచై గారి పేరులో ఉన్నది కూడా ఆ మాటే. అక్కడ పిచై అంటే మనం గొప్పగా చెప్పుకుంటాం, ఇక్కడ పిచ్చయ్య అంటే నవ్వుతాం. చూశారా?

ఇంకో మాట. పెంట అనే మాటని మనం ఇప్పుడు తిట్టుగా వాడుతున్నాం గానీ, రైతుకి పెంట అంటే ఎరువు. పొలానికి బలం. నల్లమలలో చెంచులు ఉండే గూడేలని కూడా పెంటలనే అంటారు. మాట ఒకటే, మనం చూసే చూపే మారింది.

అన్ని పాత పేర్లూ ప్రేమతో పెట్టినవేనా?

ఇక్కడ నేను ఒక విషయం దాచకుండా చెప్పాలి. పాత పేర్లన్నీ గొప్పవి, అందరూ అలాగే ఉంచుకోవాలి అని నేను అనడం లేదు.

మహారాష్ట్రలో నకుశా అనే పేరు ఉండేది. మరాఠీలో దాని అర్థం "అక్కర్లేనిది". కొడుకు కోసం ఎదురు చూస్తుంటే మళ్ళీ ఆడపిల్లే పుట్టిందని పెట్టిన పేరు. ఆ అమ్మాయిని బడిలో, బజార్లో, పెళ్ళి చూపుల్లో, ప్రతి చోటా "అక్కర్లేనిదానా, ఇలా రా" అని పిలిచినట్టే కదా! 2011లో సతారా జిల్లాలో అధికారులు ఒక కార్యక్రమం పెట్టి, ఆ పేరున్న 285 మంది అమ్మాయిలకి కొత్త పేర్లు పెట్టించారు. కొందరు అమ్మాయిలు వాళ్ళకి నచ్చిన పేరు వాళ్ళే ఎంచుకున్నారు.

తేడా గమనించారా? పెంటయ్య పేరు బయటికి మురికిగా ఉన్నా, లోపల ఉన్నది "వీడు మాకు దక్కాలి" అనే కోరిక. నకుశాలో ఉన్నది "ఇది మాకు వద్దు" అనే మాట. పైకి రెండూ తక్కువ చేసే పేర్లలాగే కనిపిస్తాయి.

ఇంకోటి కూడా ఉంది. మన ఊళ్ళలో ఒకే పేరుని ఇద్దర్ని రెండు రకాలుగా పిలిచేవారు. పొలం ఉన్న ఆసామి అయితే ఎల్లయ్యగారు. ఆయన పొలంలో పని చేసే మనిషి అయితే ఎల్లిగాడు. రిజిస్టర్‌లో ఇద్దరూ ఎల్లయ్యలే. ఆ "గాడు" అన్న పిలుపు నుంచి తప్పించుకోవడానికి ఎన్నో కుటుంబాలు పిల్లలకి పట్నం పేర్లు, సంస్కృతం పేర్లు, ఇంగ్లీషు పేర్లు పెట్టుకున్నాయి. దాన్ని ఫ్యాషన్ పిచ్చి అని కొట్టిపారేయకూడదు. మా పిల్లాణ్ణి ఎవరూ ఏరా అనకూడదు అనుకోవడం తప్పెలా అవుతుంది?

పేరు చూసి లొకేషన్ చెప్పొచ్చు

ఇప్పుడు కాస్త సరదా విషయం. మీ ఫోన్‌లో మ్యాప్ ఉంది కదా. మన తాతల కాలంలో పేరే మ్యాప్. మనిషి పేరు వింటే ఏ వైపు వాడో చెప్పేసేవారు. ఎందుకంటే, ఆ చుట్టుపక్కల ఉన్న కొండ దేవుడికో, గ్రామదేవతకో మొక్కుకుని ఆ పేరు పెట్టేవారు.

సింహాచలం, అప్పన్న, అప్పలరాజు, అప్పలనర్సమ్మ అంటే విశాఖ వైపు, సింహాద్రి అప్పన్న పేరు. పైడిరాజు, పైడమ్మ అంటే విజయనగరం పైడితల్లి. నూకరాజు, నూకాలు అంటే అనకాపల్లి నూకాలమ్మ. ఇందాక ఖుదీరామ్ కథ విన్నాం కదా అని నూకరాజుని కూడా నూకలిచ్చి కొన్నారేమో అనుకోకండి, ఆ పేరు అమ్మవారిది.

యాదగిరి, యాదయ్య, యాదమ్మ అంటే యాదగిరిగుట్ట. రాజన్న, రాజయ్య, రాజేశ్వరి అంటే వేములవాడ రాజన్న. సమ్మయ్య, సమ్మక్క, సారయ్య అంటే మేడారం తల్లులు. మైసయ్య, పోచయ్య, ఎల్లయ్య, వీళ్ళు మైసమ్మ, పోచమ్మ, ఎల్లమ్మ పేర్లు మోసే కొడుకులు. ఇది కాస్త ఆగి చూడండి. అమ్మవారి పేరు మగపిల్లాడికి పెట్టి, చివర "అమ్మ" తీసి "అయ్య" చేర్చారు. తల్లి పేరే కొడుక్కి పేరు.

రాయలసీమకి వెళ్తే ఓబులేసు, ఓబయ్య, ఓబులమ్మ. ఇది అహోబిలం నరసింహస్వామి పేరు. అహోబలేశుడు అనే మాట నోట్లో నలిగి నలిగి ఓబులేసు అయింది. నెల్లూరు వైపు పెంచలయ్య ఉంటాడు. పెంచలకోనలో ఉన్నది పెనుశిల నరసింహస్వామి. పెనుశిల అంటే పెద్ద రాయి, అదే పెంచల అయింది. ప్రకాశం వైపు మాలకొండయ్య. నరసరావుపేట వైపు కోటయ్య, కోటేశ్వరరావు, కోటప్పకొండ పుణ్యం. ఇక వెంకయ్య, వెంకటేశ్, వెంకట్రావు అంటారా, తిరుపతి వెంకన్నకి లొకేషన్ లేదు, తెలుగువాళ్ళు ఉన్న ప్రతి చోటా ఉంటారు.

పేర్లకి మతం గోడలు అంత గట్టిగా లేవు

గుంటూరు, నెల్లూరు వైపు మస్తానయ్య, మస్తాన్‌రావు, మస్తానమ్మ అనే పేర్లున్నాయి. యూట్యూబ్‌లో నూరేళ్ళు దాటిన వయసులో పుచ్చకాయలో చికెన్ వండి ప్రపంచాన్ని మెప్పించిన మస్తానమ్మ అవ్వ మీకు గుర్తుండే ఉంటుంది. మస్తాన్ అనేది సూఫీ సాధువులకి ఉండే పేరు. దర్గాలో మొక్కుకుంటే పుట్టిన బిడ్డకి ఆ పేరు పెడతారు. హిందువులైనా, ముస్లింలైనా.

సూర్యాపేట వైపు సైదులు, సైదయ్య, సైదమ్మ, సైదిరెడ్డి ఉంటారు. అక్కడ జాన్‌పహాడ్ దర్గా ఉంది, సైదులు బాబా దర్గా. రెడ్డి కుటుంబంలో పిల్లాడి పేరు సైదిరెడ్డి! సీమలో పీర్ల పండగకి మొక్కుకుని ఉసేనప్ప, ఫకీరప్ప అని పెట్టుకున్నవాళ్ళు ఉన్నారు. తమిళనాడులో ఉన్న నాగూరు దర్గా పేరుతో నాగూరయ్యలు మన దగ్గర ఉన్నారు.

ఇంకా దూరం వెళ్దాం. బైబిల్లో యోహాను, ఇంగ్లీషులో జాన్, అరబ్బీలో యహ్యా, ముగ్గురూ ఒకే పేరు. దేవుడు దయ చూపాడు అని హీబ్రూలో దాని అర్థం. యోసేపు, జోసెఫ్, యూసుఫ్ ఒకటే. అబ్రహాము, ఇబ్రహీం ఒకటే. దావీదు, డేవిడ్, దావూద్ ఒకటే. థామస్ అంటే అరమాయిక్ భాషలో కవల. జార్జి అంటే గ్రీకులో భూమి పని చేసేవాడు, అంటే రైతు. పీటర్ అంటే రాయి. మన పెంచలయ్యకి చుట్టం అన్నమాట!

అబ్దుల్ రహీం అనే పేరు తీసుకోండి. అబ్ద్ అంటే దాసుడు. రహీం అంటే కరుణ గలవాడు. కరుణామయుడి దాసుడు. మన రామదాసు, దేవదాసు ఎలా కట్టారో అదీ అలాగే కట్టారు. అందుకే ఆ పేరున్న స్నేహితుణ్ణి ఉత్త "అబ్దుల్" అని పిలిస్తే, రామదాసుని "దాసు" అన్నట్టే, అసలు ముక్క వదిలేసి పిలిచినట్టు.

చరిత్ర కూడా పేర్లలోనే దాక్కుంది

మన పేర్లలో దేవుళ్ళే కాదు, రాజకీయం కూడా ఉంది. సర్ థామస్ మన్రో అని ఒక బ్రిటిష్ అధికారి 1800 నుంచి 1807 దాకా రాయలసీమ ప్రాంతానికి కలెక్టర్‌గా పనిచేశాడు. తర్వాత మద్రాసు గవర్నర్ అయి, 1827లో పర్యటనలో ఉండగా కర్నూలు జిల్లా పత్తికొండలో కలరాతో చనిపోయాడు. సీమలో కొందరు తమ పిల్లలకి మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారు. స్కాట్లాండ్ పేరుకి మన "అప్ప" తగిలించేశారు!

ఆ తర్వాత స్వాతంత్ర్య పోరాటం వచ్చింది. తెలంగాణ సాయుధ పోరాటంలో తుపాకీ పట్టిన మల్లు స్వరాజ్యం గారు 1931లో పుట్టారు. ఆమె పేరే ఆ కాలపు నినాదం. విజయవాడలో నాస్తిక కేంద్రం నడిపిన గోరా గారు, ఉప్పు సత్యాగ్రహం జరిగిన 1930లో పుట్టిన కొడుక్కి లవణం అని పేరు పెట్టారు. లవణం అంటే ఉప్పు. ఇంకో కొడుకు పేరు సమరం. పేపర్లలో ఆరోగ్య సలహాలు రాసిన డాక్టర్ సమరం గారు ఆయనే. దేవుడి పేరూ కాదు, తాత పేరూ కాదు, ఆ రోజు దేశంలో ఏం జరుగుతోందో అదే పేరు.

ఇంకా వెనక్కి, దాదాపు పందొమ్మిది వందల ఏళ్ళు వెనక్కి వెళ్తే శాతవాహనులు. గౌతమీపుత్ర శాతకర్ణి అంటే గౌతమి కొడుకు శాతకర్ణి. వాసిష్ఠీపుత్ర పులుమావి అంటే వాసిష్ఠి కొడుకు పులుమావి. రాజు పేరుకి ముందు నాన్న పేరు కాదు, అమ్మ పేరు. ఇప్పటి అప్లికేషన్ ఫారంలో తల్లి పేరుకి ఒక గడి ఇవ్వడానికి మనం ఎంత ఆలోచించామో తలుచుకుంటే నవ్వొస్తుంది.

మీ పేరుని మీరే విప్పుకోండి

ఇక అసలు పనికొచ్చే ముక్క. పేరు అర్థం కోసం బేబీ నేమ్స్ సైట్లు చూడకండి. చాలా సైట్లు ఒకదాన్ని చూసి ఇంకోటి కాపీ కొడతాయి. దానికన్నా సులువైన పద్ధతి ఉంది. పేరు తోక చూడండి.

"జ" తో ముగిస్తే పుట్టినది అని. జలజ, నీరజ, వనజ, అంబుజ, పంకజ, ఈ అయిదూ తామర పువ్వే. వనం అంటే అడవి కదా అంటారేమో, సంస్కృతంలో వనం అంటే నీళ్ళు కూడా. అనుజ అంటే తర్వాత పుట్టింది, అంటే చెల్లెలు. తనూజ అంటే కూతురు.

"ఏశ్" తో ముగిస్తే చాలా వరకు ఈశుడు, అంటే దొర లేదా భర్త. రమేశ్ అంటే రమకి భర్త, విష్ణువు. ఉమేశ్ అంటే ఉమకి భర్త, శివుడు. దినేశ్ అంటే పగటికి దొర, సూర్యుడు. రాకేశ్‌లో రాక అంటే పున్నమి, కాబట్టి చంద్రుడు. దినేశ్, రాకేశ్ అన్నదమ్ములైతే ఒకడు పగలు డ్యూటీ, ఇంకొకడు రాత్రి డ్యూటీ.

పల్లెటూరి పేరైతే రివర్స్‌లో వెళ్ళండి. నోట్లో అరిగిపోయిన అక్షరాన్ని తిరిగి పెట్టండి. లచ్చమ్మ అంటే లక్ష్మమ్మ. కిష్టయ్య అంటే కృష్ణయ్య. రత్తమ్మ అంటే రత్నమ్మ. విస్సయ్య అంటే విశ్వనాథుడు. సుబ్బయ్య అంటే సుబ్రహ్మణ్యం. బసవయ్యలో బసవ అనేది వృషభ అనే మాటే, అంటే ఎద్దు, నంది. సినిమాల్లో సుబ్బారావు అంటే అమాయకుడికి పెట్టే పేరు అయిపోయింది గానీ, ఆ పేరు ఉన్నది సాక్షాత్తూ దేవతల సేనాపతికి!

అనుమానం వస్తే నిఘంటువు చూడండి. ఆంధ్రభారతి వెబ్‌సైట్‌లో బ్రౌన్ నిఘంటువు, శబ్దరత్నాకరం లాంటివి ఫ్రీగా వెతుక్కోవచ్చు, ఫోన్‌లోనే. అప్పుడు తమాషాలు బయటపడతాయి. తన్వి అంటే సైట్లలో "అందమైనది" అని ఉంటుంది, నిఘంటువులో సన్నగా ఉన్న అమ్మాయి అని ఉంటుంది. అనామిక అంటే పేరు లేనిది. ఉంగరం వేలిని కూడా అనామిక అనే అంటారు. అన్విత అంటే కూడుకుని ఉన్నది.

మరి నిఘంటువులో అస్సలు దొరకని పేర్లు? అమ్మ పేరులో ఒక అక్షరం, నాన్న పేరులో రెండు అక్షరాలు కలిపి కొత్తగా కుట్టిన పేర్లు ఇప్పుడు చాలా ఉన్నాయి. మీది అలాంటిదైతే ఫీల్ అవ్వకండి. సైట్‌లో దొంగ అర్థం వెతుక్కోకండి. మీ పేరుకి అర్థం మీ అమ్మానాన్నే. దానికి నిఘంటువుతో పని లేదు.

మార్చుకోవాలా, ఉంచుకోవాలా?

నా ఇన్‌బాక్స్‌లో ఎక్కువగా వచ్చే ప్రశ్న ఇది. పేరు పాతగా ఉంది, ఇంటర్వ్యూలో నవ్వుతారు, మార్చుకోమంటారా అని. చట్టం ప్రకారం మార్చుకోవచ్చు. అఫిడవిట్, గెజిట్ ప్రకటన, ఆ తర్వాత ఆధార్, సర్టిఫికెట్లు ఒక్కొక్కటిగా సరి చేసుకోవాలి. టెన్త్ మెమో మీద ఒక రకంగా, పాన్ మీద ఇంకో రకంగా ఉంటే తర్వాత తిప్పలు పడతారు. పాస్‌పోర్ట్‌లో సొంత పేరు గడి ఖాళీగా వదిలేసి, మొత్తం ఇంటిపేరు గడిలో రాసేసిన మనవాళ్ళు కొందరికి అమెరికా వీసా మీద ఎఫ్‌ఎన్‌యూ అని వచ్చింది. ఫస్ట్ నేమ్ అన్‌నోన్. బారసాల చేసి, చెవిలో మూడుసార్లు చెప్పి పెట్టిన పేరు, తెలియదు అయిపోయింది! కాబట్టి ఫారం నింపేటప్పుడు జాగ్రత్త.

మార్చుకోవాలా వద్దా అన్నది మాత్రం మీ ఇష్టం. నేను చెప్పేది ఒక్కటే. తెలుసుకుని మార్చుకోండి. ఆ పేరు మిమ్మల్ని కించపరచడానికి పెట్టిందైతే, నకుశా లాంటిదైతే, ఈ రోజే వదిలేయండి. ఎవరి కోసమో తల్లి మొక్కుకున్న మొక్కు అయితే మాత్రం, నలుగురు నవ్వారని వదిలేసే ముందు ఒకసారి ఆగండి.

పెంటయ్యలు, పుల్లయ్యలు ఇప్పుడు పుట్టడం లేదు. ఫ్యాషన్ మారడం ఒక కారణం. టీకాలు, ఆసుపత్రి కాన్పులు వచ్చి, బిడ్డ బతుకుతుందా అనే భయం తగ్గడం ఇంకో కారణం. అది సంతోషించాల్సిన విషయమే. కానీ ఆ పేర్లున్న మనుషులు ఇప్పుడు డెబ్బై, ఎనభై ఏళ్ళ వాళ్ళు. వాళ్ళకి ఆ పేరు ఎందుకు పెట్టారో వాళ్ళకే తెలుసు.

అందుకే మీకు నేనిచ్చే పని ఇది. మీ ఇంట్లో అందరికంటే పెద్దవాళ్ళ దగ్గర కూర్చుని, "అవ్వా, నీకు ఈ పేరు ఎవరు పెట్టారు, ఎందుకు పెట్టారు?" అని అడగండి. ఫోన్‌లో రికార్డర్ ఆన్ చేసి పక్కన పెట్టండి. అయిదు నిమిషాలు చాలు. కొందరు నవ్వుతూ చెప్తారు, కొందరు చెప్తూ చెప్తూ తమ కంటే ముందు పోయిన అన్నల గురించి, అక్కల గురించి మొదలెడతారు. మధ్యలో ఆపకండి, చెప్పనివ్వండి. ఆ చిన్న పిల్లల పేర్లు ఏ సర్టిఫికెట్‌లోనూ లేవు.

మీకు తెలిసిన కథ ఉంటే నాకూ రాయండి. ఊరు పేరు కూడా రాయండి. వచ్చే ఎపిసోడ్‌లో ఇంటిపేర్ల సంగతి చూద్దాం. అప్పటిదాకా ఉంటాను మరి, నమస్తే.